అంచు లేని చర్మం

తెర మీద చర్మం పెరుగుతోంది. అడుగున నీలం రంగు మూలకణాల వరుస. ఒకటి రెండవుతుంది, రెండింటిలో ఒకటి అక్కడే నిలుస్తుంది, ఒకటి పైకి జరుగుతుంది. జరిగినది మళ్ళీ చీలుతుంది, చీలినది పైదానిని తోస్తుంది, తోపుడుకు లొంగినది పలచబడుతుంది, పలచబడి, చదునై, చివరి వరుసలో తెల్లని పెంకై రాలిపోతుంది. మంచి చర్మంలో ఈ ప్రయాణానికి నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో వారం కూడా పట్టదు. పక్వానికి రాకముందే పైకి చేరిన కణాలు ఒకదానిపై ఒకటి పేరుకుని పొలుసు కడతాయి.

ఈ చర్మాన్ని మైరీ మెకాస్కిల్ మూడేళ్ళుగా కంప్యూటరులో పెంచుతోంది. ప్రతి కణానికీ తానే వయస్సు పెట్టింది, తానే చావు పెట్టింది. అతినీలలోహిత కాంతి తగిలితే అడుగు వరుసల్లో ఎన్ని కణాలు చనిపోతాయో, ఎన్ని చనిపోతే మచ్చ వెనక్కి మళ్ళి మామూలు చర్మమవుతుందో లెక్క కట్టింది. రోగులు ఆమె దగ్గరికి అంకెలుగా వచ్చేవారు, అంకెలుగానే వెళ్ళేవారు. వాళ్ళ ముఖాలు చూడవలసిన అవసరం ఆమెకు రాలేదు. రాకపోవడమే ఆమెకు హాయిగా ఉండేది.

బుధవారం ఉదయం ప్రొఫెసర్ సురెట్ ఆమె గది గుమ్మంలో నిలబడి, బూట్ల మంచును నేలకేసి కొట్టాడు.

"మైరీ, ఆసుపత్రిలో మన తెర నల్లబడిపోయిందట. వెళ్ళి చూసిరా."

"నేనా? ఫోనులో చెబితే సరిపోదా?"

"డార్లీన్‌కి ఫోనులో చెప్పి గెలిచినవాడు ఈ హాలిఫాక్స్‌లో ఇంకా పుట్టలేదు. నడిస్తే పది నిమిషాలు. వెళ్ళు, రోగులేం కరవరు."

మైరీ కోటు తొడుక్కుంది. రేవు మీద నుంచి వచ్చే గాలి రాబీ వీధి పొడవునా ఎదురు తిరిగి వీస్తోంది. ఆమె తల వంచుకుని నడిచింది.

చర్మవైద్య విభాగంలో లైటు గది చివరన ఉంది. గదిలో ఒక మూల నిలువెత్తు పెట్టె. దాని లోపల నాలుగు వైపులా నిలువుగా గొట్టపు దీపాలు. రోగి బట్టలు విప్పి, కళ్ళకు నల్లద్దాలు పెట్టుకుని, అందులోకి వెళ్ళి నిలబడాలి. ఈ జిల్లాకంతటికీ ఉన్నది ఆ ఒక్క పెట్టె. దానికోసం వేచి ఉన్నవాళ్ళ వరుస వసంతం దాకా సాగి ఉంది. అందుకని శరదృతువు నుంచి ఆసుపత్రి ఒక ఏర్పాటు చేసుకుంది. చికిత్స మొత్తం పన్నెండు వారాలు; రోగి మొదటి మూడు వారాల అంకెలను మైరీ నమూనాకు ఇస్తారు. పూర్తిగా నయమయ్యే అవకాశం నూటికి నలభై కన్నా తక్కువని నమూనా చెబితే, ఆ రోగిని మాత్రలకు మార్చి, పెట్టెలో చోటును వరుసలో తర్వాతివారికి ఇస్తారు.

డార్లీన్ అరవయ్యేళ్ళ నర్సు. మైరీని చూసి తెర వైపు గడ్డం చూపించింది.

"అదుగో, అలిగి కూర్చుంది. నేనేం చెయ్యలేదు, ముందే చెబుతున్నా. నువ్వు కానివ్వు, నేను ఈ అమ్మాయి పని చూస్తాను."

మధ్యన గుడ్డ తెర ఒకటి సగం లాగి ఉంది. దానికి అవతల బల్ల మీద కూర్చున్న ఆవిడ స్వెట్టరు చేతిని భుజం దాకా ఎగదోసింది. ఎత్తైన మనిషి, నలభై దగ్గర పడుతున్నాయేమో. గోళ్ళు పొట్టిగా కత్తిరించి ఉన్నాయి. పేరు కొరీన్ హర్టల్ అని మైరీకి తర్వాత తెలిసింది. లూనెన్‌బర్గ్ దగ్గర చేపలు కోసే చోట ఆవిడ పని.

"పొద్దుటి నుంచి హాడక్ చేపల పొలుసు గీకి వచ్చాను డార్లీన్. ఇప్పుడు నా పొలుసు నువ్వు చూడు. ఈ రెంటిలో ఏది కిలో ఎంతకి పోతుందో!"

"నీదైతే ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు. చెయ్యి చాపు తల్లీ."

డార్లీన్ ఆవిడ మోచేతి కింది మచ్చ మీద బొటనవేలు పెట్టింది. వేలు మెల్లగా జరిగింది. మచ్చ మధ్యభాగాన్ని ఆగకుండా దాటి, అవతలి గట్టు మీద ఆగి, నొక్కింది.

"దళసరి మూడు. ఎరుపు మూడు. పొలుసు రెండు."

"పోయిన వారం?"

"అవే."

"ముందు వారం?"

డార్లీన్ గ్లోవ్స్ విప్పి, బుట్టలో వేసి, కుర్చీ లాక్కుని ఆవిడ ఎదుట కూర్చుంది. ఆ కూర్చోవడం చూడగానే కొరీన్ ముఖంలో నవ్వు ఆగిపోయింది.

"ఆపేస్తున్నారా?"

"నేను కాదమ్మా. లెక్క అలా వచ్చింది. నూటికి పదకొండు అంటోంది. శుక్రవారం ఆఖరిసారి లైటుకి వచ్చి వెళ్ళు. సోమవారం డాక్టరు టానర్ మాత్రలు రాసిస్తారు."

"మాత్రలు మొదలుపెడితే బిడ్డ మాట ఎత్తకూడదు. ఆపాక కూడా నెలల తరబడి ఎత్తకూడదు. డాక్టరమ్మకి మొదటి రోజే చెప్పాను కదా? నాకు ఇంకెన్ని నెలలున్నాయని?"

"చెప్పావు. నేనూ చెప్పాను."

"సూదిమందు మా బీమావాళ్ళు ఇవ్వరు. ఉన్నది ఈ లైటు ఒకటే. ఈ మాట ఆ లెక్కకి ఎవరైనా చెప్పారా?"

"దానికి అవన్నీ తెలియవు కొరీన్. దానికి చర్మమే తెలుసు."

మైరీ చేతిలో తీగ అలాగే ఉండిపోయింది. ఆమె గుడ్డ తెర చాటు నుంచి ఆ మోచేతిని చూసింది. మచ్చ అంటే తనకు తెలిసినది ఒకే మందం, ఒకే ఎరుపు. ఇక్కడ అలా లేదు. మధ్యలో చర్మం పలచగా, నున్నగా, పాలు ఎక్కువైన టీ రంగులో ఉంది. దాని చుట్టూ ఎర్రని గట్టు, ఉబ్బి, పెళుసుగా, తెల్లని పెచ్చులతో. గట్టు బయట మళ్ళీ మామూలు చర్మం.

కొరీన్ నల్లద్దాలు పెట్టుకుని పెట్టెలోకి వెళ్ళాక మైరీ గొంతు సవరించుకుంది.

"ఏమండీ... మీరు మధ్యలో ఎందుకు నొక్కరు?"

"మధ్యలో ఏముంది నొక్కడానికి?"

"అంటే, అక్కడ తగ్గినట్టుంది కదా."

"తగ్గింది. అందుకే నొక్కను. ఎక్కడ గట్టిగా ఉంటే అక్కడే అంకె. నేను కొత్తగా చేరినప్పుడు మా పెద్ద నర్సు నేర్పిన పద్ధతి అది. మెత్తబడ్డ చోట అంకె వేశామనుకో, బాగైపోయిందనుకుని డాక్టర్లు లైటు ఆపేసేవాళ్ళు. వీళ్ళ మేలు కోసమే." డార్లీన్ ఆగింది. "ఎందుకలా చూస్తున్నావు? తెర వచ్చిందా లేదా?"

"వచ్చింది," అంది మైరీ.

*

తన చర్మానికి అంచు లేదు. ఆ సంగతి మైరీకి కొత్త కాదు, పెట్టినది ఆమే. తెర మీద కనబడే ముక్క చిన్నది. దాని ఎడమ చివర, కుడి చివర కణాలకు పక్కన తోడు ఉండదు; తోడు లేని కణాలు తిక్కగా ప్రవర్తిస్తాయి, పక్కకు ఒరిగి జారిపోతాయి. అందుకని ఈ పని చేసేవాళ్ళందరూ రెండు చివరలనూ కలిపి కుట్టేస్తారు. ఎడమ వైపు బయటికి పోయిన కణం కుడి వైపు లోపలికి వస్తుంది. ముక్క గొట్టమవుతుంది. గొట్టంలో ఏ కణమూ చివరిది కాదు. ఎందుకలా చేశావని ఇంతవరకు ఎవరూ అడగలేదు; చేయకపోయి ఉంటే అడిగేవారు.

గొట్టంలో మచ్చకు మధ్య లేదు, గట్టు లేదు. నయమైతే అంతా ఒక్కసారి నయమవుతుంది, లేకపోతే ఎక్కడా కాదు. అంకె మూడు వారాలు మారలేదంటే, ఆ గొట్టానికి తెలిసిన అర్థం ఒక్కటే: ఈ కణాలను కాంతి చంపడం లేదు. నమూనాను మొదట పరీక్షించినప్పుడు దొరికిన రోగులు కొద్దిమంది. వాళ్ళందరికీ ఒంటినిండా చినుకుల్లాంటి చిన్న మచ్చలు. చినుకుకు మధ్య ఎక్కడ, అంచు ఎక్కడ? లెక్క చక్కగా సరిపోయింది.

గురువారం ఆమె కుట్టు విప్పింది. ముక్కను వెడల్పు చేసి, మధ్యభాగానికి జబ్బు ఇచ్చి, రెండు పక్కలా మంచి చర్మం పెట్టింది. నమూనాను నడిపిన మొదటి పరుగులో కుడి చివర కణాలన్నీ కుప్పగా జారిపోయాయి. రెండో పరుగులో జబ్బు మంచి చర్మంలోకి ఆపు లేకుండా పాకింది. చివర్లలో కణాలను పట్టి ఉంచడానికి కదలని కణాల గోడ కట్టింది. గోడను ఆనుకున్నవి నలిగిపోయాయి; గోడను దూరం జరిపింది. మధ్యాహ్నం తిండి మరిచిపోయింది. శుక్రవారం ఉదయానికి చర్మం నిలబడింది. కాంతి వేసి చూసింది. మచ్చ నడిమి భాగం మెల్లగా పలచబడింది. గట్టు మాత్రం ఎర్రగా, మొండిగా, ఉన్నచోటే ఉంది. బుధవారం చూసిన మోచెయ్యే అది.

ఆమె కుర్చీలో వెనక్కి వాలి, కాసేపు ఊరికే కూర్చుంది. తర్వాత, తనకు అలవాటు లేని పని ఒకటి చేసింది. డాక్టర్ టానర్‌కు ఫోను చేసింది.

"ఎవరు? ఏ మైరీ?"

"నమూనా... చర్మం నమూనా చేసేదాన్నండీ. కొరీన్ హర్టల్ గారి లెక్కలో పొరపాటు ఉన్నట్టుంది. ఆవిడని ఇప్పుడే ఆపకండి."

"ఉన్నట్టుందా, ఉందా?"

"ఉంది."

"అయితే సరైన అంకె ఎంత?"

"ఇంకా రాలేదండీ."

అవతల కాగితాలు సర్దుతున్న చప్పుడు వినిపించింది. "చూడమ్మా, సోమవారం తొమ్మిదింటికి మీ ప్రొఫెసరుతో నాకు సమావేశం ఉంది. అప్పటికి కొత్త అంకె తీసుకురా, ఉంచుతాను. కబుర్లు తీసుకొస్తే మాత్రం ఉంచలేను. వరుసలో ఉన్నవాళ్ళకి జవాబు చెప్పుకోవలసింది నేను."

శని, ఆదివారాలు నమూనా పరుగెత్తింది. విశ్వవిద్యాలయంలో ఖాళీగా ఉన్న యంత్రాలన్నింటినీ మైరీ అడిగి తీసుకుంది. కాంతికి లొంగే స్వభావం ఒక్కొక్క పరుగుకు కొద్దికొద్దిగా మార్చి, మూడో వారంలో గట్టు మీద కొరీన్ అంకెలే వచ్చే పరుగులను ఏరి, వాటిని చివరిదాకా సాగనిచ్చింది. ఆదివారం మధ్యాహ్నానికి ఫలితం వచ్చింది. నూటికి యాభై రెండు.

ఆమె నవ్వుకుంది. లేచి, మెట్లు దిగి, కాఫీ తెచ్చుకుంది. కప్పు సగమయ్యేసరికి నవ్వు పలచబడింది. యాభై రెండు ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలనిపించింది. కొరీన్ కన్నా ముందు ఆపేసిన ఇద్దరు రోగుల అంకెలు తీసి కొత్త చర్మానికి ఇచ్చింది. ఒకరికి నలభై తొమ్మిది, ఒకరికి యాభై ఒకటి. లైటులో ఉంచినవాళ్ళ అంకెలు ఇచ్చింది. వాళ్ళకూ అంతే. కావాలని తప్పుడు అంకెలు కల్పించి ఇచ్చింది. దాదాపు అంతే.

కాఫీ చల్లారిపోయింది.

*

సోమవారం ఆసుపత్రి మెట్ల దగ్గర సురెట్ ఆమె చేతిలో కాగితం లాక్కుని చూశాడు.

"యాభై రెండు! గీత దాటేసింది. చెప్పానా, నువ్వు పట్టుకుంటే వదలవని? నిన్న మధ్యాహ్నం నువ్వు పంపిన అంకెను పొద్దున్నే టానర్‌కి రాసి పడేశాను."

"కింద చూడండి. మిగతావాళ్ళవి."

అతను చూశాడు. ఒకసారి చూసి, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, మళ్ళీ చూశాడు.

"ఊఁ."

"మూడో వారంలో గట్టు ఇంకా కదలదండీ. నయమయ్యేవాళ్ళకీ కదలదు, కానివాళ్ళకీ కదలదు. ఇది అంకె కాదు. నాణెం ఎగరేసినా ఇదే వస్తుంది."

"మైరీ, ఆ అమ్మాయికి కావలసింది నలభై పైన ఒక అంకె. నీ దగ్గర ఉంది. ఇచ్చెయ్. కిందివన్నీ తర్వాత తీరిగ్గా చూసుకుందాం."

"తర్వాత వచ్చేవాళ్ళకి ముప్పైతొమ్మిది వస్తే?"

"అప్పుడు చూద్దాం." అతను గొంతు తగ్గించాడు. అందులో కోపం లేదు, అలసట ఉంది. "నీ జీతం ఈ ఏర్పాటు మీద నడుస్తోంది. మార్చిలో పొడిగించాలంటే టానర్ సంతకం కావాలి. అదీగాక, నువ్వు అంకె లేదన్నావనుకో, ఆవిడ ఆ అమ్మాయిని పంపేస్తుంది. కబుర్లు వద్దని నీతోనే అంది కదా?"

అదే మైరీని రాత్రంతా నిద్రపోనివ్వలేదు. అంకె చెబితే కొరీన్‌కు చోటు దొరుకుతుంది. నిజం చెబితే దొరుకుతుందో లేదో తెలియదు.

డాక్టర్ టానర్ గది చిన్నది. ఆవిడ పొట్టి మనిషి, తెల్లకోటు జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడే మాట్లాడుతుంది.

"యాభై రెండన్నారు. మంచిది. ఏం మారింది?"

సురెట్ మైరీ వైపు చూశాడు. మైరీ కాగితం బల్ల మీద పెట్టింది. పెట్టి, దాన్ని తిప్పేసింది. వెనకవైపు రెండు బొమ్మలు అచ్చువేసి ఉన్నాయి.

"ఇవి రెండు మచ్చలండీ. మూడో వారంలో. మీ నర్సు వేలికి రెండూ ఒకటే. నా లెక్కకీ ఒకటే." ఆమె గొంతు సన్నగా ఉంది, కానీ ఆగలేదు. "వీటిలో ఒకటి పన్నెండో వారానికి పూర్తిగా పోయింది. రెండోది పోలేదు."

"కొరీన్ హర్టల్ వీటిలో ఏది?"

"తెలియదు."

"యాభై రెండు అని..."

"అందరికీ అంతేనండీ. మీరు పంపేసిన ఇద్దరికీ అంతే. ఉంచినవాళ్ళకీ అంతే. మూడో వారంలో ఎవరి సంగతీ చెప్పలేం. ఇన్నాళ్ళూ చెప్పగలిగామని అనుకున్నది నా చర్మం తప్పు. దానికి అంచు లేదు."

సురెట్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. టానర్ బొమ్మలను చేతిలోకి తీసుకుంది.

"ఆ ఇద్దరిలో ఒకతను మాత్రలు పడక పోయిన వారం వార్డులో చేరాడు," అంది, ఎవరితోనూ కాకుండా. తర్వాత తల ఎత్తింది. "అంకె లేకపోతే నన్నేం చెయ్యమంటావు?"

"ఇంతకుముందేం చేసేవారండీ?"

"మొదలుపెట్టినవాళ్ళని చివరిదాకా ఉంచేదాన్ని. వరుసలో ఉన్నవాళ్ళు నన్ను తిట్టుకుంటూ కూర్చునేవాళ్ళు."

మైరీ చేతిలో ఇప్పుడు అంకె లేదు. ఒక్క క్షణం, తాను కొరీన్ చోటును తన చేతులతోనే పోగొట్టానని ఆమెకు అనిపించింది.

టానర్ ఫోను ఎత్తింది.

"డార్లీన్, హర్టల్ వచ్చిందా? మందుచీటీ కోసమా... రాయడం లేదు. లైటులోకి పంపించు. పన్నెండు వారాలూ ఉంటుంది. అవును, అందరూ ఉంటారు. వరుసలో తర్వాతున్న జ్విక్కర్‌కి ఫోను చేసి రావద్దని చెప్పు. తెలుసు. నా పేరు చెప్పు, నన్ను తిట్టమను." ఫోను పెట్టేసి సురెట్ వైపు తిరిగింది. "ఆ తెర మా గదిలోంచి తీయించండి ప్రొఫెసర్. మార్చి సంగతి మార్చిలో మాట్లాడదాం; ఏం మాట్లాడతామో మీకూ తెలుసు, నాకూ తెలుసు."

*

తెర విప్పడానికి మైరీ లైటు గదికి వెళ్ళేసరికి డార్లీన్ గోడవైపు తిరిగి ఫోనులో జ్విక్కర్‌తో మాట్లాడుతోంది.

"ఆబ్రీ, బస్సు ఎక్కేశావా? ఎంతదాకా వచ్చావు? ...బ్రిడ్జ్‌వాటర్‌లో దిగిపో నాయనా. దిగి వెనక్కి వెళ్ళు. లేదు, నీ తప్పేం లేదు. వసంతంలో మళ్ళీ పిలుస్తాను."

కొరీన్ ఆసుపత్రి గౌను వేసుకుని, నల్లద్దాలు వేలికి తగిలించుకుని, పెట్టె పక్కన నిలబడి ఉంది. మైరీని చూసి కనుబొమలు ఎత్తింది.

"బుధవారం తెర బాగుచెయ్యడానికి వచ్చిన పిల్లవి నువ్వే కదూ? యంత్రం మనసు మార్చుకుందట?"

"లేదండీ. దానికి తెలియదని తేలింది."

"ఓహో. మరి నీకు తెలుసా? నాకు తగ్గుతుందా?"

మైరీ ఆవిడ ముఖంలోకి చూసింది. ఆ ముఖంలో ఎగతాళి లేదు. ఏ జవాబు వచ్చినా తీసుకోవడానికి సిద్ధపడి నిలబడి ఉంది.

"తెలియదు," అంది మైరీ.

కొరీన్ ఆ మాటను నోట్లో వేసుకుని చూసినట్టు తల ఊపింది.

"సరే. పదకొండు కన్నా ఇదే నయం." బల్ల మీది సీసా అందుకుని ఆమె చేతిలో పెట్టింది. "ఈ నూనె రాస్తే గానీ లైటు లోపలికి దిగదట. వీపున నాకు అందదు. డార్లీన్‌ని ఆ పెద్దాయన ఇప్పట్లో వదిలేలా లేడు. కాస్త రాసిపెట్టు."

గౌను వెనకవైపు విప్పి తిరిగి నిలబడింది. మైరీ సీసా వంచి అరచేతిలో నూనె పోసుకుంది. భుజపుటెముక కింద పెద్ద మచ్చ. ఆమె వేళ్ళు దాని మీద ఆనాయి, వెంటనే లేచాయి.

"అబ్బ, మంచుగడ్డల్లా ఉన్నాయి నీ చేతులు!"

"క్షమించండి. నొప్పి పుట్టిందా?"

"నొప్పేం లేదు. రాయి, రాయి. గట్టిగా రాయొచ్చు, ఊడి రాదు."

మైరీ రాసింది. గరుకు, ఆ తర్వాత నునుపు, ఆ తర్వాత మళ్ళీ గరుకు. కింద వీపు వేడిగా, ఊపిరితో పాటు లేస్తూ దిగుతూ ఉంది. నూనె పట్టిన చోట తెల్లని పెచ్చులు మెత్తబడి, అద్దంలా మారి, లోపలి ఎరుపు పైకి తేలింది. ఒక్క చోటూ వదలకుండా రాసి, ఆమె ఒక అడుగు వెనక్కి వేసింది.

కొరీన్ నల్లద్దాలు పెట్టుకుని పెట్టెలోకి వెళ్ళింది. తలుపు మూసుకుంది. లోపల పంకా తిరగడం మొదలైంది. తలుపు సందున నీలి వెలుగు సన్నని గీతగా నిలిచింది.

మైరీ రెండు చేతులకూ నూనె. తుడుచుకోవడానికి దగ్గరలో ఏమీ కనబడలేదు.

"అవునయ్యా ఆబ్రీ," అంటోంది డార్లీన్, నుదురు గోడకు ఆనించి, "తిట్టు, వింటున్నాను. బస్సు దిగాక కూడా తిట్టు. నేనెక్కడికీ పోను."